చిత్తడి మూలలో నీరుగొబ్బి: చెరువుగట్టు పువ్వుని పెరట్లో పెంచుకోవడం ఎలా

ప్రతి పెరట్లోనూ ఒక మూల చిత్తడిగా ఉంటుంది. బోరు దగ్గరో, నూతిగట్టు పక్కనో, వాన పడితే వీధి నీళ్లన్నీ చేరే పల్లంలోనో. అక్కడ గులాబీ పెడితే వేరు కుళ్లి చస్తుంది. బంతి పెడితే ఆకు పసుపెక్కి ఎదగదు, పూయదు. చివరికి నాలుగు చేమదుంపలు పాతేసి ఊరుకుంటాం. మీ ఇంట్లో అలాంటి మూల ఉండి, దానికి రోజంతా ఎండ తగులుతుంటే, ఈసారి నీరుగొబ్బి వేసి చూడండి.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ మొక్కని చూడనివాళ్లు ఉండరు. పేరు అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. చెరువు అంచున, గెడ్డ ఒడ్డున, వరిమడి గట్టు మీద నడుమెత్తు నిటారుగా నిలబడి, కణుపు కణుపుకీ ముళ్లూ ఊదా పూలూ పెట్టుకుని కనిపిస్తుంది. రైతుకి అది గాబు, అంటే కలుపు. ఆయుర్వేదంలో కోకిలాక్షం, అంటే కోకిల కన్ను. వృక్షశాస్త్రంలో పేరు హైగ్రోఫిలా ఆరిక్యులేటా. పాత పుస్తకాల్లో ఆస్టరకాంతా లాంగిఫోలియా అని ఉంటుంది. హైగ్రోఫిలా అంటేనే తేమని ఇష్టపడేది అని అర్థం, కాబట్టి దీనికి ఏం కావాలో సగం పేరులోనే ఉంది.

మిగతా సగం ఓపిక. ఇది ఆలస్యపు పువ్వు. జూన్‌లో విత్తితే దసరా దాకా పచ్చగా నిలబడి ఉంటుందంతే. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం కదా, మా వైపు మొదటి పూలు దాదాపు ఆ రోజుల్లోనే కనిపిస్తాయి. అక్కడినుంచి సంక్రాంతి వరకూ పూస్తూనే ఉంటుంది. వానాకాలం పూలన్నీ అయిపోయి, చలికాలం బంతీ చేమంతీ ఇంకా అందుకోని రోజుల్లో పెరట్లో రంగు ఉండేది దీని దగ్గరే.

ముందు మొక్కని గుర్తుపట్టండి

గొబ్బి పూలంటే కొందరికి డిసెంబరాలు గుర్తొస్తాయి. రెండూ ఒకే కుటుంబం మొక్కలే, కానీ వేరువేరు. డిసెంబరం మామూలు పొదగా ఏ నేలలోనైనా బతుకుతుంది, ఇది బురద కోరుతుంది. పసుపు పూలు పూసే ముళ్లగోరింట కూడా ఆ కుటుంబానిదే, అదీ కాదు.

అనుమానం ఉంటే కాడని రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పండి. నీరుగొబ్బి కాడ నలుపలకగా ఉంటుంది, వేలికి అంచులు తెలుస్తాయి. ముళ్లతోటకూర కాడ గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది. తర్వాత కణుపు చూడండి. సన్నగా పొడవుగా ఉన్న ఆకులు కణుపు చుట్టూ గుత్తిగా వచ్చి, వాటి మొదట్లో పసుపుపచ్చని ముళ్లు నిటారుగా పొడుచుకొస్తాయి. కణుపుకి సాధారణంగా ఆరు. వేలి కణుపంత పొడవు, దబ్బనం మొనంత వాడి. పువ్వు ఆ ముళ్ల మధ్యే కూర్చుంటుంది.

పువ్వుని దగ్గరగా చూడటానికి జనవరిలో ఒకసారి చెరువుకి వెళ్లండి. ఊదా, నీలం కలిసిన రంగు. నోరు తెరిచినట్టు రెండు పెదవులు. కింది పెదవి మూడుగా చీలి, దాని నడుమ ముడతలు పడి, ఆ ముడతల మీద పసుపు చుక్కలు ఉంటాయి. తుమ్మెద వచ్చి ఆ పసుపు మీదే కాలు పెట్టి లోపలికి దూరుతుంది. దాని బరువుకి పెదవి కిందికి వంగుతుంది, అది ఎగిరిపోగానే మళ్లీ లేస్తుంది. నేను ఈ మొక్కని ఇంటికి తెచ్చుకోవాలనుకున్నది అది చూశాకే.

ఊదా రంగు కదా అని గుర్రపుడెక్కని మాత్రం తెచ్చి పెట్టకండి. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన చెరువుల్ని కప్పేస్తున్న మొక్క. నీరుగొబ్బి ఇక్కడిదే.

గింజలు ఎక్కడ దొరుకుతాయి

మూలికల దుకాణంలో తాల్ మఖానా అని అడిగితే ఇచ్చేవి ఈ గింజలే. ఫూల్ మఖానా అని అడిగితే పేలాల్లా తెల్లగా ఉండేవి ఇస్తారు, అవి వేరే నీటిమొక్కవి, వేయించినవి. వాటిని నాటి మొలకల కోసం ఎదురుచూసినవాళ్లు నాకు తెలుసు. అయితే దుకాణంలోని తాల్ మఖానా కూడా ఎన్నాళ్ల నాటిదో చెప్పలేం. మీ ఊరి చెరువు దగ్గర సేకరించుకోవడమే మేలు. మీ నేలకీ మీ వానకీ అలవాటు పడిన గింజ అది.

జనవరి నెలాఖరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి. వరి కోతలు అయిపోయి గట్లు ఖాళీగా ఉంటాయి. కింది కణుపుల్లో కాయలు గోధుమరంగుకి తిరిగి, పై కణుపుల్లో ఇంకా ఒకటీ అరా పువ్వు ఉన్న కాడ చూసుకోండి. పూర్తిగా ఎండిపోయేదాకా ఆగితే కాయలు పగిలి గింజలు అప్పటికే నేలపాలై ఉంటాయి.

చేతి తొడుగులు వేసుకున్నా ముల్లు దిగుతుంది. పంగలకర్రతో కాడని పట్టి, కొడవలితో మొదట్లో కోసి, తల కిందకి వచ్చేలా గోనెసంచిలో పెట్టండి. నాలుగైదు కాడలు చాలు. ఇంటికి తెచ్చి సంచి మూతి కట్టి వారం రోజులు ఎండలో ఉంచి, సంచి మీదనే కర్రతో కొట్టండి. తర్వాత చేటలో పోసి చెరిగితే ముళ్లూ పొట్టూ ముందుకి పోతాయి, గింజలు మిగులుతాయి. ఈ పనంతా చెప్పులు వేసుకుని చేయండి, అయ్యాక ఆ చోటు రెండుసార్లు ఊడ్చండి. మా ఇంట్లో ఒక ముల్లు వంటింటి గుమ్మం దాకా వచ్చి, మర్నాడు పొద్దున్న మా అమ్మ కాల్లో దిగింది. ఆ వారమంతా నీరుగొబ్బి అన్న మాట ఇంట్లో ఎత్తలేదు నేను.

గింజలు చిన్నవి, చదునుగా, గోధుమరంగులో ఉంటాయి. కాగితం పొట్లంలో కట్టి, నాలుగు ఎండిన వేపాకులు వేసి, జూన్ దాకా పొడిగా ఉంచండి. ప్లాస్టిక్ కవరులో వద్దు, చెమ్మ పడుతుంది. చెమ్మ తగిలితే ఏమవుతుందో విత్తేటప్పుడు చెబుతాను.

చోటు, మట్టి

రోజుకి ఆరు గంటలైనా నేరుగా ఎండ పడాలి. కొబ్బరి నీడలో పెడితే సన్నగా సాగి పక్కకి వాలిపోతుంది, పూత పలచబడుతుంది. వరి పండే జిగట మట్టి దీనికి సరైనది. వానాకాలంలో కాళ్లు దిగబడేంత తడి ఉన్నా ఫరవాలేదు, నాలుగు రోజులు వేళ్ల మీద నీళ్లు నిలిచినా చావదు. వేసవిలో ఆ చోటు ఎండి నెర్రెలిచ్చినా ఇబ్బంది లేదు, అప్పటికి దాని పని అయిపోతుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఉండేవాళ్లకి కాస్త పని ఎక్కువ. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో జీడి, కొబ్బరి పండే ఇసుక నేలలు చాలా ఉన్నాయి, పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతాయి. అలాంటి చోట రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గొయ్యి తీయండి. అడుగున పాత టార్పాలిన్ ముక్క పరవండి. పక్కల్లో, గోతి సగం లోతు దగ్గర నాలుగు చిల్లులు పొడవండి, అడుగున మాత్రం వద్దు. ఎక్కువైన నీరు చిల్లుల్లోంచి పోతుంది, అడుగున బురద నిలుస్తుంది. గొయ్యిని చెరువు మట్టితో నింపండి. వేసవిలో చెరువు పూడిక తీసినప్పుడు రైతులు పొలాలకి తోలుకుంటారు, వాళ్లని అడిగితే రెండు బస్తాలు దొరక్కపోవు. విజయనగరం వైపు ఎర్రనేలలకీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

మేడ మీద పెంచాలనుకుంటే పశువుల కుడితి గోలెం లాంటి వెడల్పాటి సిమెంటు తొట్టె తీసుకోండి. పూలకుండీ చాలదు. దీనిలో కూడా మట్టి పైన నీళ్లు తేలేలా పోయకండి, బురదగా ఉంటే చాలు. నిలిచిన మంచినీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. పువ్వు కోసం జ్వరం తెచ్చుకోనక్కర్లేదు.

గత్తం, అంటే పశువుల ఎరువు, ఒక తట్ట వేస్తే సరిపోతుంది, అదీ బాగా మాగినది. యూరియా అసలు వద్దు. నేను మొదటి ఏడు ప్రేమకొద్దీ వేశాను. మొక్క నా భుజం దాకా ఎదిగింది, ఆకు పెద్దదైంది, పువ్వులు మాత్రం కార్తీకం సగం గడిచాక లెక్కపెట్టేన్ని వచ్చాయి.

విత్తడం

మృగశిర కార్తెలో తొలకరి పడి నేల ఒకసారి బాగా నానాక, ఆరుద్ర దాటకముందే విత్తేయండి. అంటే జూన్ రెండో వారం నుంచి జూలై మొదటి రోజుల దాకా.

చేతులు పొడిగా ఉండాలి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, నేనూ చేశాను. తడి చేత్తో గింజలు పట్టుకుంటే అర నిమిషంలో ఒక్కో గింజ చుట్టూ సబ్జా గింజకి వచ్చినట్టు తెల్లటి జిగురు ఊరుతుంది. వేళ్లకి అంటుకుంటాయి. దులిపితే రావు, తుడిస్తే గుడ్డకి అంటుకుంటాయి, నీళ్లతో కడిగితే ఇంకా ఉబ్బుతాయి. చేతిలో ఉన్నవన్నీ ఒకే ముద్దయి ఒకేచోట పడతాయి. నిజానికి ఆ జిగురు మొక్క చేసుకున్న ఏర్పాటు. గట్టు మీద పడిన గింజ తొలి వానకి జారిపోకుండా బురదకి అతుక్కుంటుంది. మనకి మాత్రం అది నేల మీద రావాలి, చేతిలో కాదు.

కాబట్టి ఒక చెంచాడు గింజల్ని గుప్పెడు పొడి ఇసుకలోనో జల్లించిన బూడిదలోనో కలిపి, నేల మీద పలచగా చల్లండి. వాన పడబోతున్న సాయంత్రం కాకుండా పడి వెలిసిన పొద్దున చల్లండి. పైన మట్టి కప్పనక్కర్లేదు, అరచేత్తో మెల్లగా అదిమితే చాలు. ఆ చెంచాలోనే మీ మూలకి కావలసినదానికంటే చాలా ఎక్కువ మొక్కలున్నాయి. మిగిలిన పొట్లం దాచుకోండి. వాన మొహం చాటేస్తే పైపై తడి ఆరకుండా సన్నటి జల్లుతో నీళ్లు పెట్టండి.

మొలకలు బొటనవేలంత ఎదిగాక, ఎదురెదురుగా సన్నటి నూగు ఆకులు వేస్తాయి. అప్పటికింకా ముళ్లు ఉండవు. జానెడున్నర దూరానికి ఒకటి ఉంచి, మిగతావి వేరుతో సహా తీసి ఖాళీ చోట్ల నాటుకోవచ్చు. వరినారు తీసినట్టే బురదలోంచి మెత్తగా వచ్చేస్తాయి.

నాటిన వెంటనే ఇంకో పని మరవకండి. చుట్టూ నాలుగు కర్రలు పాతి, పాత చీర పేలిక ఒకటి కట్టండి. నేను కట్టలేదు. ఆగస్టులో పెరడు బాగుచేయడానికి వచ్చిన ఆవిడ, నేను ఇంట్లో టీ పెడుతుండగా, మొత్తం మూల శుభ్రం చేసేసింది. బయటికి వచ్చి చూస్తే మొక్కలన్నీ గోడ పక్కన కుప్పగా పడున్నాయి. "అయ్యో, అవి పెంచుకుంటున్నానే" అంటే ఆవిడ నావైపు జాలిగా చూసింది. "ఏటమ్మా, గాబుని పెంచుతున్నావేటి? మా మడి కాడికి రా, బండెడు పీకిస్తాను." ఆవిడ తప్పేం లేదు. పుట్టిన దగ్గర్నుంచీ పీకుతున్న మొక్క అది.

జూలై నుంచి దసరా దాకా

చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. తుంగ పెరిగితే తీయండి. ఆగస్టులో ఒకసారి తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయని కొందరు అంటారు. ఈ మొక్క ఒంటికాడగా నిలబడితేనే అందం అని నా అభిప్రాయం, నేను తుంచను.

ఆకులకి కన్నాలు పడితే మందు కొట్టకండి. తిప్పి చూడండి. ఒళ్లంతా నూగు ముళ్లున్న నల్లటి గొంగళి పురుగు కనిపిస్తే అది పీకాక్ పాన్సీ సీతాకోకచిలుక పిల్ల కావచ్చు. నారింజరంగు రెక్కల మీద నెమలిపింఛం కన్నులాంటి పెద్ద చుక్కలుంటాయి దానికి. అది గుడ్లు పెట్టే మొక్కల్లో నీరుగొబ్బి ఒకటి. నాలుగు ఆకులు పోతే మొక్కకేం కాదు, మళ్లీ వేస్తుంది.

అక్టోబరు వస్తే మాత్రం తుపాను సంగతి చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, రెండూ సరిగ్గా ఈ మొక్క మొగ్గ తొడిగే రోజుల్లోనే మన మీదికొచ్చాయి. వాతావరణ హెచ్చరిక రాగానే నాలుగేసి కాడల్ని కలిపి వెదురు బద్దకి వదులుగా కట్టండి. కొబ్బరి తాడు గానీ గుడ్డపీలిక గానీ వాడండి. ప్లాస్టిక్ తాడు నలుపలక కాడ అంచుల్ని కోసేస్తుంది. వాలిన కాడని వాన వెలిశాక లేపి కట్టినా నిలబడుతుంది, విరిగినదాన్ని కోసేయడమే.

స్వాతి కార్తె వచ్చేసరికి కింది కణుపుల్లో మొదలై పూత పైకి పాకుతుంది. ఒక్కో పువ్వు ఎక్కువ కాలం నిలవదు, కానీ కణుపుకి ఎనిమిది దాకా మొగ్గలుంటాయి, వంతులవారీగా విచ్చుకుంటాయి. పొద్దుటి పూట చూడండి, తేనెటీగలు కూడా అప్పుడే వస్తాయి. ఈ నెలల్లో నేల ఎండనివ్వకూడదు. ఈశాన్య రుతుపవనాల వాన మనకి ఏటా ఒకేలా ఉండదు, నవంబరులో పది రోజులు వాన లేకపోతే రెండ్రోజులకోసారి బిందెడు నీళ్లు పోయండి. సబ్బు నీళ్లు కాదు. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లు బాగా పనికొస్తాయి.

కోసి జాడీలో పెట్టుకుందామని, తలలో పెట్టుకుందామని చూడకండి. ముళ్లు ఒప్పుకోవు, పువ్వు వాడిపోతుంది. ఇది ఉన్నచోటే చూసుకునే పువ్వు. ముళ్లున్నాయి కాబట్టి పిల్లలు ఆడే దారికి మూడడుగులు ఎడంగా పెట్టండి.

కూర, మందు

ఒడియా వాళ్లు దీన్ని కొయిలిఖియా అంటారు, లేత ఆకు కూర వండుకుంటారు. బెంగాల్లో కులెఖారా అని ఆకుకూరగానే అమ్ముతారు. ముళ్లు గట్టిపడకముందు, జూలై ఆగస్టుల్లో కొసలు తుంచి తోటకూరలాగే వేపుడు చేసుకోవచ్చు. కొంచెం జిగురుగా ఉంటుంది. మురుగు చేరే చోట పెరిగినదాన్ని మాత్రం ముట్టుకోకండి. పొలం గట్టుదైతే పురుగుమందు పడి ఉండొచ్చు.

మందు విషయంలో గట్టిగానే చెబుతాను. నీరుగొబ్బి కషాయం తాగితే మూత్రం సాఫీగా అవుతుందనీ, కిడ్నీలో రాళ్లు కరుగుతాయనీ ఊళ్లలో చెబుతారు. ఆయుర్వేదంలో దీన్ని మూత్రం జారీ చేయడానికి వాడేది నిజమే. కానీ మనది కిడ్నీ జబ్బుతో ఇంటింటా బాధపడుతున్న ఉద్దానం ఉన్న జిల్లా. ఈ మొక్కలో పొటాషియం లవణాలు ఎక్కువ. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఒంట్లో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. డాక్టరుని అడగకుండా కషాయం కాచి ఎవరికీ ఇవ్వకండి, ఎంత మంచి మనసుతోనైనా సరే.

పూత అయ్యాక

సంక్రాంతి వెళ్లాక కాయలు రంగు తిరుగుతాయి. ఇప్పుడు బద్ధకిస్తే వచ్చే ఏడాది పొరుగువాళ్లతో తగువే. గింజలు వాన నీళ్లతో పాటు కొట్టుకుపోయి ఎక్కడ బురద ఉంటే అక్కడ అతుక్కుంటాయి. మీ పెరటి కాలువ ఎవరి మడిలోకి పారుతుందో చూసుకోండి. మడిలోకి పారేటట్టయితే విత్తనానికి మూడు కాడలు వదిలి, మిగతావి కాయ పచ్చిగా ఉండగానే మొదలంటా కోసేయండి.

కోసిన కాడల్ని గత్తం గోతిలో వేయకండి. ఆకు కుళ్లుతుంది గానీ ముల్లు ఒకంతట కుళ్లదు, ఆ ఎరువు చేత్తో తీసినప్పుడు తెలుస్తుంది. నేను వాటిని కూరగాయల మడి చుట్టూ అడ్డంగా పరుస్తాను. మేకలు ఆ వైపు రావడం మానేశాయి.

వదిలిన మూడు కాడల్లో ఒకదాన్ని కోయకుండా అక్కడే ఎండనివ్వండి. మార్చికి అది గోధుమరంగు కట్టెపుల్లలా మిగులుతుంది, ఏప్రిల్‌కి నేల నెర్రెలిస్తుంది, మూల అంతా పోయినట్టే కనబడుతుంది. తవ్వకండి, మట్టి తిరగేయకండి. తొలకరి పడ్డ పది పదిహేను రోజులకి వెళ్లి చూస్తే, మీరు విత్తిన చోటా విత్తని చోటా సన్నటి నూగు ఆకులు జతలు జతలుగా లేచి ఉంటాయి. రెండో ఏడాది నుంచి మీ పని విత్తడం కాదు, పలచన చేయడం. పీకిన నారు పారేయకుండా తడి గోనెలో చుట్టి ఉంచండి, నిరుడు నవంబరులో మీ గోడ మీదుగా తొంగి చూసినవాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు.